ఇరవై లెక్కపెట్టేదాకా

ఖాళీ రేకు డబ్బాలో మడతపెట్టిన కాగితం పడితే ఒక చప్పుడు వస్తుంది. చిన్న చప్పుడే, కానీ గది నిశ్శబ్దంగా ఉంటే అందరికీ వినిపిస్తుంది. మొన్న కాటారం దగ్గర మా బడిలో ఏడో తరగతి వాళ్లు తమ నాయకురాలిని ఎన్నుకుంటుంటే ఆ చప్పుడు విన్నాను. బిస్కెట్ల డబ్బా మూతకు చీలిక పెట్టింది నేనే. మొదటి పిల్ల చీటీ వేసింది. టక్కుమంది. తరగతి మొత్తం డబ్బా వైపు చూసింది. ఆ పిల్ల తన ఓటు అందరికీ కనబడిపోయినట్టు ముడుచుకుపోయి బెంచీ మీద కూర్చుంది. డబ్బాలో ముందుగా కొన్ని ఖాళీ చీటీలు వేసి ఉంచాలన్న సంగతి నేను మర్చిపోయాను. లచ్చిరాం సార్ ఉంటే ఆ చప్పుడు రానిచ్చేవారు కాదు.

అంతలో వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచింది. "టీచర్, ఇప్పటిదాంక ఎవలకు ఎక్కువొచ్చినయ్?" అని అడిగింది. నీకెందుకే అన్నాను. "గెలిచేటామెకే ఏస్త టీచర్. ఓడేటామెకేసి ఓటెందుకు ఖరాబు చేసుకోవాలె?" అంది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కిటికీ దగ్గరికి వెళ్లి కాసేపు బయటికి చూస్తూ నిలబడ్డాను.

లచ్చిరాం సార్ గురించి మీలో ఎవరూ విని ఉండరు. ఎన్నికలొస్తే టీవీల్లో రంగురంగుల గీతలు చూపించి, అసెంబ్లీలో ఏ పార్టీకి ఎన్ని సీట్లు, ప్రభుత్వం ఎవరిది అని ముందే చెబుతారు కదా. ఆ గీతల కింద దుమ్ములో నడిచే మనుషులు కొందరుంటారు. మా వైపు ఆ మనిషి ఆయన. మానుకోట దగ్గర ఒక తండాలో పుట్టారు. మహబూబాబాద్‌ను మేము మానుకోట అనే అంటాం. ఇంట్లో లంబాడీ, బయట తెలుగు. వయోజన విద్యా కేంద్రంలో చాలా ఏళ్లు పెద్దవాళ్లకు అక్షరాలు దిద్దించి, అది మూతపడ్డాక హైదరాబాద్‌లోని ఒక సర్వే కంపెనీకి మా వైపు సూపర్‌వైజర్‌గా కుదిరారు. భార్య పోయింది, పిల్లలు లేరు. జనగామలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవారు.

నాది నర్మెట్ట. రాష్ట్రం వస్తోందని తేలిపోయి, ఇంకా చేతికి రాని రోజులవి. కొత్త రాష్ట్రపు మొదటి అసెంబ్లీకి ఎన్నికలు ముందున్నాయి. మా అన్న శంకర్ నాలుగైదేళ్లుగా ఉద్యమంలోనే తిరుగుతున్నాడు. నేను బీఎడ్ పూర్తి చేసి, ఎన్నడు పడుతుందో తెలియని టీచర్ల నోటిఫికేషన్ కోసం ఇంట్లో కూర్చుని అమ్మతో రోజూ గొడవ పడుతున్నాను. సర్వే పని ఉందంటే వెనకా ముందూ చూడకుండా జనగామ బస్సెక్కాను. బస్టాండులో సన్నగా, పొడుగ్గా, చంకలో రేకు డబ్బాతో ఒకాయన నిలబడి ఉన్నారు.

"మాట్లాడుడు వస్తదా?" అని అడిగారు.

"బాగ వస్తది సార్" అన్నాను గర్వంగా.

"మాట్లాడకుండ ఉండుడు వస్తదా?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

మొదటిరోజు దేవరుప్పుల తీసుకెళ్లారు. ఒక ఇంటి ముందు చెక్కబల్ల మీద కూర్చుని ఒకామె మిరపకాయల తొడిమలు తీస్తోంది. సార్ ఆమెతో వానల గురించి మాట్లాడారు, మిరప రేటు గురించి మాట్లాడారు. తర్వాత గుర్తులన్నీ ఉన్న ఒక నమూనా ఓటు కాగితం, పెన్సిలు ఆమె చేతికిచ్చి, డబ్బా పక్కన పెట్టి, గిర్రున వెనక్కి తిరిగారు. పశువుల కొట్టం వైపు చూస్తూ పెదాలు కదుపుతున్నారు. ఆమె గీత పెట్టి కాగితం మడిచి డబ్బాలో వేసింది. చప్పుడు రాలేదు. పొద్దున్నే ఆయన అందులో గుప్పెడు ఖాళీ చీటీలు వేశారు. మొదటి ఇంటివాళ్లకు తమ కాగితం ఒక్కటే ఉందన్న భయం ఉండకూడదట. ఆ చీలిక అంచులు కూడా రేకు పనివాడి దగ్గర కూర్చుని ఆకురాయితో నున్నగా రాకించారట, ముసలివాళ్ల వేళ్లు కోసుకోకుండా.

దారిలో అడిగాను, ఏం చదువుతున్నారు సార్ అని. "ఇరవై లెక్కపెడుతున్న. ఏక్, ది, తీన్, చార్... మా భాషల. ఇరవై అయ్యేదాంక ఇటు తిరగద్దు. మనిషికి గంత యాళ్ల ఇయ్యాలె." రెండో ఇంటి దగ్గర నా వంతు వచ్చింది. నేనూ తిరిగి నిలబడ్డాను, కానీ ఓరకంటితో చూశాను. బయటికి రాగానే అన్నారు, "మెడ తిప్పినవ్, కండ్లు తిప్పలే. గామె నీ కండ్లను చూసింది. గా కాయితం నాకద్దు." నిజంగానే ఆ ఇంటి నంబరు కొట్టేశారు. నాకు చచ్చేంత కోపం వచ్చింది. వారం పోయాక ఆ కోపం పోయి, తిరిగి నిలబడడం అలవాటైంది.

డబ్బా కాకుండా నోటితో అడిగే ప్రశ్న ఇంకొకటి ఉండేది. ఎవరు గెలుస్తారనుకుంటున్నారు అని. మొదటి ప్రశ్నకు జవాబు డబ్బాలో పడుతుంది, రెండోదానికి జవాబు ఫారంలో రాసుకుంటాం. ఆ రెంటికీ మధ్య ఎంత దూరం ఉందో చూడడమే సార్‌కు అన్నిటికంటే ముఖ్యం. నోటితో అడిగితే ఊరంతా ఉద్యమ పార్టీయే గెలుస్తుందనేది. పాటలు, ఊరేగింపులు, కండువాలు, ఇంకో మాట ఎవరంటారు? డబ్బా తెరిస్తే మాత్రం సగానికి అటూ ఇటూ. ఒక్కోరోజు సార్ ఆ కాగితాలు ముందు పెట్టుకుని, "గీ నోరు గీ చెయ్యిని గుంజుకపోతదా, లేక చెయ్యి తన తొవ్వన తను పోతదా, గది ఎవ్వలకు తెల్వదు" అనేవారు. మమ్మల్ని కూడా జనం అదే అడిగేవారు, ఎవరిది గెలుపట సారూ అని. "మీరు చెప్తె ఇనడానికే వచ్చినం" అని ఆయన చేతులు జోడించేవారు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పకూడదన్నది ఆయన మాకు పెట్టిన అన్నిటికంటే గట్టి కట్టుబాటు.

ఆ కట్టుబాటు నేను తప్పాను. మానుకోట అవతల ఒక తండాలో సార్ ఒక వరస, నేను ఒక వరస పంచుకున్నాం. మొదటి గుడిసెలో ఒక ముసలవ్వ. నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుని, మజ్జిగ ఇచ్చి, "బిడ్డా, అందరు ఎటున్నరు? నాకొక్కదానికి చెప్పు" అంది. నా మనసు ఎటుందో ఆ వైపే చెప్పాను. "అందరు గిటే అంటున్నరవ్వా" అన్నాను. అంతే. మధ్యాహ్నం నా చేతికిచ్చిన రెండో డబ్బా తెరిచాను. నా వరసలో ఇరవైకి పైగా ఇళ్లుంటే ఒక్క కాగితం కూడా పక్కకు పోలేదు. నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను. సార్ ఆ కాగితాలు ఒక్కొక్కటే విప్పి చూశారు. చూసి ఆ ముసలవ్వ దగ్గరికి వెళ్లి వాళ్ల భాషలో ఏదో అడిగారు. ఆమె నా వైపు చెయ్యి చూపించి నవ్వింది.

ఆయన అరిచి ఉంటే బాగుండేది. బస్సు కోసం నిలబడ్డప్పుడు నెమ్మదిగా అన్నారు, "నువ్వు అబద్దం చెప్పినవని అంటలేను. గని వాళ్లు చెప్పాల్సింది నువ్వు చెప్పినవ్. అవ్వ ఇంటింటికి పోయి చెప్పింది. ఇగ గా కాయితాలన్ని నీ ఒక్కదాని ఓట్లే." ఆ తండా నుంచి వచ్చిన కాగితాలన్నీ పక్కన పెట్టేసి, ఫారంలో ఆ గడి ఖాళీగా వదిలి, కారణం కింద తన తప్పు అని రాశారు. నా పేరు రాయలేదు. జనగామ చేరేదాకా నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కళ్లు తుడుచుకున్నాను.

పోలింగుకు మూడు వారాల ముందు లెక్క పూర్తయింది. ఒక మధ్యాహ్నం ఆయన గదిలో నేల మీద కాగితాలు పరిచి కూర్చున్నాం. ఆయన ఒకటికి మూడుసార్లు కూడారు. గోడకు మేకు మీద ఆయన ఉద్యమ కండువా వేలాడుతోంది. జనగామ చౌరస్తాలో రిలే దీక్షల టెంటు కింద ఎన్నో రోజులు అన్నం మానేసి కూర్చున్న మనిషి ఆయన. "ఇక్కడ బొటాబొటి ఉన్నది" అన్నారు చివరికి. "అన్ని దిక్కుల గిట్లనే ఉంటె సభల ఎవ్వలకూ పూర్తి బలం రాదు." ఆయనకు ఆ లెక్క నచ్చలేదు. నచ్చకపోయినా దిద్దలేదు. "మన ఇద్దరికే తెలుసు బిడ్డా. ఎవ్వలకు చెప్పకు" అని కాగితాలు కవరులో పెట్టి అంటించారు.

ఆ సాయంత్రం నర్మెట్టలో అన్న అన్నం తింటూ, ఊడ్చిపారేస్తున్నాం, పూర్తి మెజారిటీ మనదే అని చెబుతున్నాడు. నాకు తెలిసింది వాడికి తెలియదు కదా అని ఒకటే దురద. "డబ్బాల అట్ల లేదన్నా" అన్నాను. వాడి చేతిలో ముద్ద ఆగిపోయింది. ఎక్కడెక్కడ ఎట్లా ఉందని అడిగాడు. అంతా చెప్పాను. వాడికి మేలు చేద్దామని చెప్పలేదు, వాడి కళ్లు తెరిపిద్దామనీ కాదు. నా దగ్గర ఒక రహస్యం ఉందని చూపించుకోవడానికి చెప్పాను. ఇన్నేళ్లలో దానికి ఇంకో సాకు వెతికాను గానీ దొరకలేదు.

మర్నాడు పొద్దున నేను సార్ గదిలో ఫారాలు సర్దుతున్నాను. అన్న, వాడితోపాటు టెంటులోని ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. చెప్పులు కూడా విప్పకుండా లోపలికి వచ్చారు. సార్ లేచి కుర్చీలు జరిపారు. ఎవరూ కూర్చోలేదు.

"ఏంది లచ్చన్నా, బొటాబొటి అని రాసినవట?" అన్నాడు పెద్దమనిషి.

సార్ అంటించిన కవరు చేతిలోకి తీసుకున్నారు.

అన్న ముందుకొచ్చాడు. "సార్, గెలుస్తున్నరని టీవీల వస్తె జనం మనకే ఏస్తరు. ఎటూ తేల్చుకోనోల్లు మనదిక్కు వస్తరు. బొటాబొటి అని వస్తె జారిపోతరు. అరవై ఏండ్ల గోస సార్ ఇది. ఒక్క అంకె మారిస్తె ఏమైతది?"

"నువ్వన్నది నిజమే శంకరూ" అన్నారు సార్. "చెప్తె జనం అటు పోతరు. అందుకే నేను మార్చ."

"నువ్వు మనోనివేనా అసలు?" అన్నాడు పెద్దమనిషి.

సార్ గోడకున్న కండువా వైపు చూశారు. వాళ్లు వెళ్లిపోయారు. వెళ్తూ అన్న నా వైపు చూడలేదు. నేను ఫారాల మీదికి వంగి, ఎంతకీ ఊడని దారపు ముడి ఒకటి విప్పుతూ కూర్చున్నాను. ఎవరు చెప్పి ఉంటారమ్మా అని సార్ అడుగుతారని ఎదురుచూశాను. ఆయన అడగలేదు. కవరు సంచిలో పెట్టుకుని, ఎప్పటిలాగే ముఖం కడుక్కుని హైదరాబాద్ బస్సెక్కడానికి వెళ్లారు.

ఆ తర్వాత జనగామ ఆయన్ను వదిలేసింది. పొద్దున్నే చాయ్ హోటల్లో ఆయన వస్తే పక్క బల్ల వాళ్లు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకునేవారు. ఇంకా తీయని దీక్షల టెంటు కింద ఆయన కూర్చునే చోట ఇంకెవరో కూర్చున్నారు. ఇంటి ఓనరు, ఆయన్ను పదేళ్లుగా ఎరిగినవాడు, కొడుకు పెళ్లి కుదిరింది గది కావాలన్నాడు. ఆ కొడుక్కి ఆ తర్వాత మూడేళ్లకు గానీ పెళ్లి కాలేదు. ఊరిలో ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. ఆయన ఎదురైతే ముఖం తిప్పుకున్నారు, అంతే. నేను మాత్రం రోజూ గదికి వెళ్లేదాన్ని. వెళ్లి ఫారాలు సర్దేదాన్ని. ఆ మాట ఒక్కటి తప్ప అన్నీ మాట్లాడేదాన్ని.

ఇంతకీ ఆయన రాసిన అంకె టీవీలో రానేలేదు. సభలో ఎవరికీ బలం రాదంటే చూసేవాళ్లకు రుచించదని కంపెనీ పైవాళ్లు అన్నారట. ఒక పార్టీకి స్పష్టంగా మెజారిటీ చూపించారు, మా అన్న కోరుకున్న పార్టీకే. సార్ ఫోనులో ఒక్క మాట అన్నారు, "కింద నా పేరు ఉంటె తీసెయ్యుండ్రి." అదే ఆ కంపెనీతో ఆయన చివరి మాట. ఏ అంకె కోసం ఊరు ఆయన్ను వెలివేసిందో ఆ అంకెను ఊరు ఎన్నడూ చూడలేదు. టీవీలో వచ్చిన మర్నాడు నేను దేవరుప్పుల వెళ్తే, మిరపకాయల తొడిమలు తీసిన ఆమె ఎదురైంది. "ఇగ అయిపాయె గదా బిడ్డా, గెలిచిండ్రట" అంది. పోలింగుకు ఇంకా పదిరోజులుంది.

ఫలితాలు దాదాపు టీవీ చెప్పినట్టే వచ్చాయి. జనం అప్పటికే అటు ఉన్నారో, చివరి రోజుల్లో వాళ్లే మనసు మార్చుకున్నారో, టీవీ చెప్పిందని అటు వెళ్లారో నాకు తెలియదు. సార్ లెక్కే తప్పో, అదీ తెలియదు. ఆ రోజు జనగామ వీధుల్లో డప్పులు, రంగులు. నేనూ ఎగిరాను, అబద్ధమెందుకు. అన్న నన్ను ఎత్తుకుని తిప్పాడు. ముఖం నిండా రంగుతో సార్ గదికి వెళ్లాను. తాళం లేదు. తలుపు తోస్తే గది ఖాళీగా ఉంది. గోడకు మేకు ఒక్కటే ఉంది, కండువా లేదు. దాన్ని ఆయన వెంట తీసుకెళ్లారు. ఆ ఖాళీ గదిలో డప్పుల చప్పుడు వింటూ ఎంతసేపు నిలబడ్డానో. బయట ఊరు ఊరంతా ఉంది, నాకు మాత్రం ఎవరూ లేనట్టనిపించింది.

నాకు ఉద్యోగం వచ్చేసరికి కొన్నేళ్లు పట్టింది. భూపాలపల్లి జిల్లాలో, కాటారం దగ్గర పోస్టింగు. వచ్చిన రెండో నెలలో, బస్సుల దగ్గర ఒక పొడుగాటి మనిషి చంకలో సంచితో నడిచి వెళ్తుంటే వెనకనుంచే గుర్తుపట్టాను. దూరపు చుట్టం ఎవరో ఇచ్చిన ఒంటి గదిలో ఉంటున్నారు. అడవి అంచు ఊళ్లలో ముసలివాళ్లకు పింఛను కాగితాలు రాసి పెడుతున్నారు. నన్ను చూసి సంతోషించారు. చాయ్ పెట్టారు. ఉన్నది ఒక్కటే గ్లాసు. అది నాకిచ్చి, తను గిన్నెతో తాగారు. ఈ గిన్నె నాకు అలవాటే బిడ్డా అన్నారు. ఆయన దగ్గరికి మనుషులు వచ్చి ఎన్నాళ్లయిందో ఆ గదిని చూస్తే తెలుస్తోంది.

ఇక ఆగలేకపోయాను. "సార్, ఆ రోజు అన్నకు చెప్పింది నేనే" అన్నాను.

"తెలుసు" అన్నారు.

"ఎప్పటి సంది?"

"వాళ్లు గదిల అడుగు పెట్టినప్పటి సంది. గా లెక్క ఇద్దరికే తెలుసు గదా. నేనైతె చెప్పలే."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "అన్ని రోజులు పక్కపక్కన కూసున్నం గద సార్. ఒక్కసారన్న అడగకపోతిరి?"

ఆయన గిన్నె కింద పెట్టారు. "అడిగితె నువ్వు ఏం చెప్పాల్నో నేనే చెప్పినట్టయితది బిడ్డా. నీ అంతట నువ్వు చెప్తవని అటు తిరిగి నిలబడ్డ."

ఆ గదిలో ఇంకేం మాట్లాడుకున్నామో గుర్తులేదు. ఆ తర్వాత రెండేళ్లు ఆదివారాలు వెళ్లేదాన్ని, ఇంకో గ్లాసు కొని తీసుకెళ్లాను. ఆయన పోయినప్పుడు మోయడానికి మనుషులు చాలకపోతే అన్నకు ఫోన్ చేశాను. నర్మెట్ట నుంచి వచ్చాడు. ఎవరికీ ఏమీ చెప్పకుండా పాడె కింద భుజం పెట్టాడు. దారంతా ఏడుస్తూనే ఉన్నాడు. రేకు డబ్బా నా దగ్గరికి వచ్చింది. మూత తెరిస్తే అడుగున గుప్పెడు ఖాళీ చీటీలు ఉన్నాయి.

మొన్న తరగతిలో కిటికీ దగ్గర నిలబడి ఇవన్నీ తలుచుకుని వెనక్కి వచ్చాను. ఎన్నిక ఆపేశాను. బీరువాలోంచి సార్ డబ్బా తీసి, అందులో చీటీలు అలాగే ఉన్నాయని చూసుకుని బల్ల మీద పెట్టాను. మళ్లీ మొదటి నుంచి వేద్దాం అన్నాను. వెనక బెంచీ అమ్మాయి, "ఎవలు గెలుస్తరో మీకు తెలుసా టీచర్?" అంది. నువ్వు చెప్తే వినడానికే ఉన్నానన్నాను. ఆ పిల్ల చాలాసేపు డబ్బా దగ్గరే నిలబడింది. నేను గోడ వైపు తిరిగి, కళ్లు కూడా తిప్పి, ఏక్, ది, తీన్ అని మొదలుపెట్టాను. పది దాటాక ఆ భాష నాకు సరిగ్గా రాదు, తెలుగులోకి వస్తాను. ఇరవై అయింది. ఆ పిల్ల బెంచీకి వెళ్లిన అడుగుల చప్పుడు ఇంకా లేదు. సార్ నా కోసం ఎన్నేళ్లు లెక్కపెట్టారో గుర్తొచ్చింది. తిరగకుండా మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.